చెరువు ప్రోబయోటిక్ గొర్రెపిల్లలకు పెట్టొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువు మానేసి, బక్రీదుకు అమ్ముదామని 20 నెల్లూరు జోడిపి పొట్టేలు పిల్లల్ని తెచ్చాను. త్వరగా బరువు రావాలని నూకలు, మొక్కజొన్న పిండి తిన్నంత పెట్టాను. వారం తిరక్కుండా ఒకటి చచ్చిపోయింది, రెండు పారుకుంటున్నాయి. టెన్షన్‌గా ఉంది. చెరువుకని కొన్న ప్రోబయోటిక్ డబ్బాలు మిగిలాయి, దాణాలో కలపొచ్చా?

జవాబు: వద్దండి. ప్రోబయోటిక్ అంటే మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. మీ దగ్గరున్నవి చెరువు నీటికీ అడుగు మట్టికీ చేసినవి, గొర్రె పొట్టకు కాదు. పారుకుంటున్న ఆ రెంటికీ నూకలు ఆపి, ఎండు వరిగడ్డి వేసి, పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేయమని మీ ఉత్తరం అందిన రోజే చెప్పాను. మిగతా రైతుల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గడ్డికి అలవాటుపడ్డ పిల్లకు ఒక్కసారిగా గింజలు పెడితే పొట్టలో పిండి గబగబా పులిసి లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే దిగితే గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, పిల్ల నెమరు మానేస్తుంది. ఎడమ డొక్క మీద అరచేయి ఆనించి చూడండి. బాగున్న పొట్ట ముద్దపిండిలా ఒత్తుకుంటుంది, నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపలి నుంచి చేతిని నెడుతుంది. దెబ్బతిన్నదైతే నీళ్ల సంచిలా గుడగుడమంటుంది, నెట్టడం ఉండదు. పెంటికలు పోయి పుల్లటి వాసనతో జారుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో పెళ్లిలో మిగిలిన అన్నాన్ని మందకు పోశారు. తెల్లారేసరికి ఐదు గొర్రెలు లేవలేదు. అన్నమే కదా అనుకున్న ఆ ఇల్లాలి ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మొదటి వారం తలకు 100 గ్రాముల గింజలు చాలు. తర్వాత నాలుగు రోజులకోసారి 50 గ్రాములు పెంచండి. మెత్తటి పిండి కాకుండా పగలగొట్టి, రోజుకు రెండు మూడు విడతలుగా పెట్టండి. ముందు వరిగడ్డో పిల్లిపెసర మేతో వేసి, ఆ తర్వాతే దాణా.

ఇలా అలవాటు చేస్తూ ఈస్ట్ ప్రోబయోటిక్ కలిపితే మేలుంటుంది. బతికున్న ఈస్ట్ పొట్టలోని కాస్త ఆక్సిజన్‌ను పీల్చేసి, లాక్టిక్ ఆమ్లాన్ని వాడుకునే సూక్ష్మజీవులకు ఊతమిస్తుంది. అయితే అది పొట్టలో స్థిరపడదు, రోజూ పెట్టాల్సిందే. ఫలితం అన్ని మందల్లో ఒకేలా రాదు. కొనేటప్పుడు నెమరువేసే పశువులకని రాసి ఉందో లేదో, గడువు తేదీ ఎప్పుడో చూడండి. వేడి జావలో కలిపితే ఈస్ట్ చచ్చిపోతుంది. రేకుల షెడ్డులో ఉంచినా అంతే.

నూకలు, తవుడులో కాల్షియం కంటే భాస్వరం ఎక్కువ. పొట్టేళ్లకు మూత్రంలో రాళ్లు రాకుండా సున్నపురాయి పొడి కలిపించుకోండి, ఎంతో మీ డాక్టరు చెబుతారు.

చచ్చిపోయిన పిల్లకు చిటుకు రోగం (పేగుల్లో సూక్ష్మజీవుల విషంతో హఠాత్తుగా చంపే జబ్బు) కూడా అయి ఉండొచ్చు, గింజలు ఎక్కువైనప్పుడే అది విజృంభిస్తుంది. మిగిలినవాటికి ఆ టీకా రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు వేయించండి. ఈసారి పిల్లల్ని తెస్తే, గింజల మోతాదు పెంచకముందే ఆ రెండూ పూర్తి చేయించండి.