పౌరసత్వ పరీక్షకు అమెరికా చరిత్ర: సంవత్సరాలు కాదు, వాటి మధ్య ఉన్న కారణాలు చదవండి

"వచ్చే నెలలో పౌరసత్వ ఇంటర్వ్యూ ఉంది. ప్రశ్నలన్నీ బట్టీ పడుతున్నాను కానీ సంవత్సరాలు కలగాపులగం అయిపోతున్నాయి. ఏది ముందో, ఏది తర్వాతో గుర్తుండే మార్గం ఏదైనా ఉందా?" అని అడిగారు.

బట్టీ పట్టి వెళ్లి బోర్లా పడినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. నా ఇంటర్వ్యూ 2019 మార్చిలో. అప్పుడు జాబితాలో 100 ప్రశ్నలు ఉండేవి. అధికారి 10 వరకు అడుగుతారు, 6 సరిగ్గా చెబితే చాలు. మూడు నెలల ముందు నుంచే ఫ్రిజ్ తలుపు నిండా చీటీలు అంటించి, పెరుగు గిన్నె తీసిన ప్రతిసారీ ఒకటి చదివేవాణ్ని. అంత చదివీ, "రాజ్యాంగం ఎప్పుడు రాశారు?" అని అడగ్గానే తడుముకోకుండా 1776 అన్నాను. అధికారి ముఖంలో ఏ మార్పూ లేదు. కాగితం మీద ఏదో గీసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లారు. మిగతా జవాబులు నన్ను గట్టెక్కించాయి.

ఆ రాత్రి నాన్నగారికి ఫోను చేశాను. ఆయన సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. నెగ్గానని చెబితే, "సరే, ఏది తప్పు పోయింది?" అన్నది మొదటి మాట. చెప్పాను. "ఒరేయ్, మనకు రాజ్యాంగం ఆగస్టు 15న వచ్చిందా?" అన్నారు. అంతే, నా చిక్కుముడి అక్కడే విడిపోయింది. మనకు 1947 వేరు, 1950 వేరు. వాళ్లకూ అంతే: 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1787 రాజ్యాంగం. అయితే మనకు రెండున్నరేళ్లు పట్టిన చోట వాళ్లకు పదకొండేళ్లు ఎందుకు పట్టింది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే సగం జాబితా దానంతట అదే వచ్చేస్తుంది.

మధ్యలో వాళ్లకు మరో ఏర్పాటు ఉండేది, 1781లో అమల్లోకి వచ్చిన సమాఖ్య ఒప్పందం. రాజు పీడ వదిలించుకున్న జనం కదా, కేంద్రానికి పెత్తనం ఇవ్వడానికి భయపడ్డారు. అధ్యక్షుడు లేడు, జాతీయ న్యాయస్థానాలు లేవు. పన్ను వేసే అధికారం కూడా లేదు. కాంగ్రెస్ అంటే వాళ్ల జాతీయ చట్టసభ, అది రాష్ట్రాలను డబ్బు అడగాలి, ఇస్తే ఇస్తారు. ఒప్పందంలో అక్షరం మార్చాలన్నా 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. యుద్ధం చేసిన సైనికులకు జీతం బకాయిలు అందక, ఊళ్లో అప్పులు, పన్నులు కట్టలేక మసాచుసెట్స్ రైతులు 1786లో తిరగబడ్డారు. అప్పుల కేసులు నడవకుండా న్యాయస్థానాలను మూయించారు. వారి నాయకుల్లో ఒకడైన డేనియల్ షేస్ స్వయంగా స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెన్. తిరుగుబాటును అణచడానికి కేంద్రం దగ్గర చిల్లిగవ్వ లేదు. చివరికి బోస్టన్ వ్యాపారులు చందాలు వేసుకుంటే రాష్ట్రమే సైన్యాన్ని నడిపింది.

ఆ భయంతోనే 1787 మేలో ఫిలడెల్ఫియాలో కూర్చున్నారు. మొత్తం 55 మంది వచ్చారు, రోడ్ ఐలండ్ నుంచి ఒక్కరూ రాలేదు. స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించిన భవనం, రాజ్యాంగం రాసిన భవనం ఒకటే (నా తడబాటుకు ఇదీ ఒక సాకు అనుకోండి). జనాభా ప్రకారం సీట్లు కావాలని పెద్ద రాష్ట్రాలు, అందరికీ సమానంగా కావాలని చిన్న రాష్ట్రాలు పట్టుబట్టాయి. చివరికి ప్రతినిధుల సభలో జనాభాను బట్టి, సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున అని రాజీ కుదిరింది. "సెనేటర్లు ఎంతమంది?" అన్న ప్రశ్నకు 100 అన్న జవాబు వెనుక ఉన్నది ఈ జగడమే. సెప్టెంబర్ 17న 39 మంది సంతకాలు చేశారు. పౌరుల హక్కుల మాట ఎక్కడా లేదేమని జనం నిలదీస్తే, 1791లో మొదటి పది సవరణలు వచ్చాయి.

పౌరసత్వం వచ్చిన ఏడాది ఆ భవనం చూడటానికి వెళ్లాం. వాషింగ్టన్ ఆ సమావేశాలకు అధ్యక్షుడిగా కూర్చున్న కుర్చీ ఇంకా ఉంది. దాని వీపు పలక పైభాగాన సగం సూర్యుడు చెక్కి ఉంటాడు. అది ఉదయిస్తున్న సూర్యుడో, అస్తమిస్తున్న సూర్యుడో సమావేశాలన్నాళ్లూ తేల్చుకోలేకపోయానని, ఇప్పుడు మాత్రం ఉదయించే సూర్యుడేనని తెలిసిందని ఆ ప్రతినిధుల్లో ఒకడైన 81 ఏళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంతకాల రోజున అన్నాడట. నేనూ చాలాసేపు చూశాను. సూర్యుడికి కళ్లు, ముక్కు కూడా ఉన్నాయి, సగమే ఉన్నాయి కాబట్టి నాకైతే నిద్ర లేస్తున్నట్టే అనిపించాడు.

ఆ గదిలో వాయిదా వేసిన లెక్క ఒకటి ఉంది, బానిసత్వం. సీట్ల లెక్కలో ఐదుగురు బానిసలను ముగ్గురిగా పరిగణించారు. ఆ బాకీ 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధంతో తీరింది. 13, 14, 15 సవరణలను విడివిడిగా చదవకండి. 1865లో బానిసత్వం పోయింది, 1868లో పౌరసత్వం వచ్చింది, 1870లో నల్లజాతి పురుషులకు ఓటు వచ్చింది. విడుదల, గుర్తింపు, ఓటు, ఈ వరుస మరిచిపోమన్నా మరిచిపోలేరు. ఆడవాళ్ల ఓటుకు మరో యాభై ఏళ్లు పట్టింది, 1920లో 19వ సవరణ. నల్లజాతివారికి కాగితం మీది ఓటు దక్షిణాది పెట్టెలో పడటానికి 1965 ఓటు హక్కు చట్టం కావలసి వచ్చింది.

ఇక జాబితాలో లేకపోయినా మనం తెలుసుకోవలసిన వరుస ఒకటి ఉంది. 1790 నాటి చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చినవారిలో శ్వేతజాతీయులకే పౌరసత్వం. 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు. మనవాళ్లు రెండిట్లోనూ లేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ తానూ శ్వేతజాతి కిందికే వస్తానని వాదిస్తే, 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. అదే ఏడాది అక్టోబరులో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. 1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వం, ఏడాదికి వంద మంది కోటా దక్కేదాకా ఆ మహా శాస్త్రవేత్తకు కూడా తలుపు మూసే ఉంది. 1948లో అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు. 1965లో దేశాలవారీ కోటాల పద్ధతిని తీసేశారు కాబట్టే మీరూ నేనూ ఈ ప్రశ్నల గురించి మాట్లాడుకుంటున్నాం.

ఒక జాగ్రత్త. మీరు 2025 అక్టోబర్ 20న గానీ ఆ తర్వాత గానీ దరఖాస్తు చేసి ఉంటే మీకు వర్తించేది కొత్త జాబితా: 128 ప్రశ్నలు, 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. పాత చీటీలు ఎవరైనా ఇస్తే గుడ్డిగా తీసుకోకండి. పదవుల్లో ఉన్నవారి పేర్లయితే ముందురోజు రాత్రి మళ్లీ చూసుకోండి. నేను 2018 డిసెంబరులో రాసి అంటించిన చీటీ మీద ప్రతినిధుల సభ స్పీకర్ పాల్ రయాన్. జనవరిలో నాన్సీ పెలోసీ వచ్చినా చీటీ అలాగే ఉండిపోయింది. ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు పాలు తీస్తూ మా ఆవిడ చూసి చెప్పింది కాబట్టి సరిపోయింది. అధికారి ఆ ప్రశ్న అడగనే అడిగారు.