కాలి నరం చేతికెందుకు?

ప్రశ్న: రెండు నెలల కిందట కిటికీ అద్దం పగిలి మా తమ్ముడికి మణికట్టు పైన అల్నార్ నరం తెగింది. చిటికెన వేలికి స్పర్శ లేదు. నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉంది, కాలి నుంచి నరం తీసి అతకాలంటున్నారు. కోసి తీసిన నరం చచ్చినట్టే కదా, దానితో ఏం లాభం? బదులుగా ట్యూబు పెట్టకూడదా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: కోసి తీసిన నరంలో చచ్చేవి ఆక్సాన్లు, అంటే సంకేతాలు మోసే సన్నటి పోగులు మాత్రమేనమ్మా. వాటిని చుట్టుకుని ఉండే శ్వాన్ కణాలు బతికే ఉంటాయి. మీ తమ్ముడికి కావలసింది అవే. ఆక్సాన్ పోగానే అవి దాని చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర కట్టే పని మానేసి, పాత మైలిన్‌ను కొంత తామే మింగి, మిగతాది ఊడ్చెయ్యడానికి మాక్రోఫేజ్ కణాలను పిలుస్తాయి. తర్వాత బారులు తీరి, ఎన్‌జీఎఫ్, జీడీఎన్‌ఎఫ్ లాంటి, నరం పెరగడానికి తోడ్పడే ప్రోటీన్లు వదులుతాయి. పైనుంచి మొలిచే కొత్త ఆక్సాన్ ఆ బారు పట్టుకునే రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున దిగుతుంది.

అయితే అతికిన ముక్కకు మొదటి రెండు మూడు రోజులు రక్తనాళాలు అందవు. చుట్టూ ఊరే ద్రవంతోనే ఆ కణాలు బతకాలి. నరం లావైతే నడిమి కణాలు చచ్చిపోతాయి. అందుకే పిక్క వెనక ఉండే సన్నటి సూరల్ నరం తీసి, 4.5 సెం.మీ. ముక్కలు మూడో నాలుగో పక్కపక్కన పేర్చి, మైక్రోస్కోపు కింద సన్నటి 9-0 దారంతో కుడతారు. ఆ అర సెంటీమీటరు ఎక్కువ పెట్టేది లాగుడు పడకుండా. బిగిస్తే రక్తం అందదు, కుట్టు దగ్గర మచ్చ కట్టి ఆక్సాన్లు అక్కడే ఆగిపోతాయి. తెగిన చివర్లను కూడా మచ్చంతా పోయి మంచి నరపు కట్టలు కనబడేదాకా కోయాల్సిందే. అక్కడ పొదుపు చేస్తే మిగతా శ్రమంతా వృథా. కాలికి జరిగే నష్టం పాదం బయటి అంచున తిమ్మిరి. నడకకు అడ్డు కాదు.

ఖాళీ ట్యూబులో శ్వాన్ కణాలుండవు. రెండు చివర్ల నుంచీ పాక్కుంటూ రావాలి. వేలి స్పర్శ నరం లాంటి సన్నటి వాటిలో, 3 సెం.మీ. లోపు ఎడానికి ట్యూబు వాడతారు. ఈ నరానికి మాత్రం వద్దనే మా సలహా.

ఆలస్యం చెయ్యకండి. నెలల తరబడి ఆక్సాన్ రాకపోతే శ్వాన్ కణాల ఊపు తగ్గిపోతుంది. కండరమైతే ఏడాది, ఏడాదిన్నర దాటాక నరం అందినా పెద్దగా కోలుకోదు. గాయం నుంచి అరచేతి కండరం 18 సెం.మీ. దూరంలో ఉంటే ప్రయాణానికే ఆరు నెలలు పడుతుంది.

ఆపరేషన్ తర్వాత సుమారు మూడు వారాలు చేతికి కట్టు ఉంటుంది. ఆ పైన నెలనెలా డాక్టరు నరం దారి వెంట వేలితో తట్టి చూస్తారు. చిటికెన వేలిదాకా జిల్లుమనిపించే చోటు నెలకు రెండు మూడు సెంటీమీటర్లు కిందికి జరుగుతుండాలి. నాలుగైదు నెలలైనా అది కుట్టు దగ్గరే ఉండిపోతే, మళ్లీ తెరిచి చూడాలా అని డాక్టరును అడగండి.