డిగ్రీ మానడం సంగతి తర్వాత, ముందు గొంతు చూపించండి

ప్రశ్న: మాది కావలి. నేను ఉపాధ్యాయురాలిని. మా అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఏడాదిగా పెళ్లిళ్లలో, తిరునాళ్లలో ఆర్కెస్ట్రాతో సినిమా పాటలు పాడుతోంది. రెండు నెలలుగా గొంతు బొంగురుపోయింది. పై స్థాయికి వెళితే గాలి తప్ప నాదం రావడం లేదు. మిరియాల కషాయం, తేనె, కరక్కాయ అన్నీ అయ్యాయి. సాధన పెంచితే సర్దుకుంటుందని సంగీతం మాస్టారు అంటున్నారు. అమ్మాయేమో డిగ్రీ మానేసి పాటనే వృత్తిగా తీసుకుంటానని పట్టుబడుతోంది. ‘బాలుగారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?’ అని ఎదురు ప్రశ్న వేస్తోంది. నా గొంతు కూడా శుక్రవారం వచ్చేసరికి పీలగా అయిపోతుంది. ఇది మా వంశంలోనే ఉందేమో! ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు అడిగింది వృత్తి గురించి. నేను మాత్రం ఆ బొంగురు దగ్గరే ఆగిపోయాను. జలుబుతో పోయిన గొంతు సాధారణంగా రెండు వారాల్లో తిరిగి వస్తుంది. నాలుగు వారాలు దాటినా రాలేదంటే కషాయాల పని అయిపోయినట్లే. ఈ వారమే ఈఎన్‌టీ వైద్యునికి చూపించండి. నోరు తెరిపించి టార్చి వేస్తే, నాదం పుట్టించే స్వరతంత్రులు కనిపించవు. సన్నని కెమెరా గొట్టంతో చూడవలసి ఉంటుంది, ఆ పరీక్ష చేస్తారా అని ముందే అడగండి. అది అయ్యేదాకా సాధన పెంచడం కాదు, కచేరీలే ఒప్పుకోవద్దు. మాస్టారి మాట కాదనడం నాకూ ఇబ్బందే, కానీ బెణికిన కాలితో ఎవరూ పరుగు పందేనికి దిగరు కదా.

లోపల జరిగేది ఇది. ఆడవారు మామూలుగా మాట్లాడుతున్నప్పుడు స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. అంటే నిమిషానికి 12,000 సార్లు. అయిదు శ్రుతిలో పాడే అమ్మాయి తారస్థాయి షడ్జమం, అంటే పై ‘స’ అందుకుంటే ఆ లెక్క రెట్టింపు అవుతుంది. బలవంతంగా పాడితే ప్రతి తాకిడీ ఒక దెబ్బే. పలుగు పట్టిన అరచేతికి కాయలు కాసినట్లు అక్కడా చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. మీ అమ్మాయికి అదేనని నేను చెప్పలేను, చూసిన వైద్యుడే చెప్పాలి. ఒకవేళ అదే అయినా కంగారు పడవద్దు. చాలామందికి స్పీచ్ థెరపిస్టు దగ్గర శిక్షణతోనే తగ్గుతుంది, కత్తి దాకా వెళ్లదు.

తేనె, కషాయం మానమని అనను, నాలుకకు హాయి. కానీ మనం మింగినది స్వరతంత్రులకు తగలదు. వెనకనున్న అన్నవాహికలోకి పోతుంది. ఒక్క చుక్క దారి తప్పినా పొలమారుతుంది. నీళ్లయినా ఒంట్లో చేరి, రక్తం ద్వారానే ఆ తడిని అందించాలి. అందుకే వేదిక ఎక్కే ముందు గటగటా తాగే సీసాకన్నా పొద్దుటి నుంచీ కొంచెం కొంచెంగా తాగిన నీళ్లే పనికొస్తాయి. గొంతు పట్టినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు. చాలామంది గుసగుసకు గొంతు మరింత బిగిస్తారు. మెల్లగా, మామూలు గొంతుతో మాట్లాడటం మేలు.

ఇప్పుడు అసలు అనుమానం చెబుతాను. జొన్నవాడ తిరునాళ్లలోనో, ఏ కల్యాణ మండపంలోనో వేదిక పక్కన నిలబడి చూడండి. డ్రమ్స్ చెవి పక్కన, స్పీకర్లు జనం వైపు. పాడే పిల్లకు తన గొంతు తనకే వినపడదు. వినపడకపోతే తెలియకుండానే ఎవరైనా అరుస్తారు. పాడేవారి వైపు తిప్పిన చిన్న స్పీకరు ఒకటి కావాలని ఆమె నోరు తెరిచి అడగాలి. రెండోది శ్రుతి. సినిమాలో పాట ఏ శ్రుతిలో ఉంటే కీబోర్డు ఆయన అదే వాయిస్తాడు. తనకు ఒకటిన్నర శ్రుతి ఎక్కువైనా, ‘అన్నా, కాస్త దించండి’ అనడానికి మన పిల్లలకు మొహమాటం. ఆయన ఒక్క మీట నొక్కితే దిగిపోయేదానికి గొంతు చించుకుంటారు. ఇక రాత్రి ఒంటిగంటకు కార్యక్రమం ముగించి, చేపల పులుసుతో అన్నం తిని, వెంటనే పడుకుంటే కడుపులోని పులుపు గొంతు దాకా ఎగదన్నుతుంది. మన పులుసును నేను తప్పు పట్టడం లేదు సుమా, వేళను తప్పు పడుతున్నాను.

వైద్యుడు సరేనన్నాక మళ్లీ మొదలుపెట్టే పద్ధతి ఒకటి చెబుతాను. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు వేళ్ల లోతు ముంచి, ‘ఊ’ అంటూ బుడగలు వచ్చేలా ఊదుతూ కింది స్వరం నుంచి పైకి, పై నుంచి కిందికి జారాలి. బుడగలు ఒకే తీరుగా వస్తున్నాయంటే ఊపిరి నిలకడగా ఉన్నట్లు. అయిదు నిమిషాలు చాలు. ఆ తర్వాత మంద్రంలో, అంటే కింది స్థాయిలో అకారం, సరళి వరుసలు. ఒకేసారి రెండు గంటలు కూర్చోవడం కన్నా ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లు కూర్చోవడం మంచిది.

బాలుగారి మాట. ఆయన శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదన్నది నిజమే. అలాంటి గొంతు, అలాంటి చెవి ఎంతమందికి ఉంటాయన్నది పక్కన పెడదాం. 1966 డిసెంబరులో తొలి సినిమా పాట రికార్డయ్యేనాటికి ఆయన మద్రాసులో ఇంజినీరింగు చదువుతున్నారు. ఆ సంగతి కూడా అమ్మాయికి చెప్పండి. డిగ్రీ పూర్తి చేయనివ్వండి, ఉన్నది ఇంకొక్క ఏడాది. ఈలోగా నెల్లూరులో ఆయన పేరు పెట్టిన ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలలో కనుక్కోండి. సర్టిఫికెట్, డిప్లొమా చేతిలో ఉంటే సంగీత ఉపాధ్యాయ ఉద్యోగాలకు దారి ఉంటుంది. ఆకాశవాణి ఆడిషన్‌లో శ్రేణి సంపాదిస్తే అదొక గుర్తింపు. డబ్బింగ్, వ్యాఖ్యానం కూడా గొంతుతో చేసే పనులే. ఆర్కెస్ట్రా ఒక్కటే జీవనాధారం అన్నప్పుడే పిల్లలు గొంతు బాగాలేకపోయినా వేదిక ఎక్కుతారు, నా భయం అదే. (ఇంటర్ బైపీసీ పిల్లలకు ఒక మాట: గొంతుకు చికిత్స చేసే బీఏఎస్‌ఎల్‌పీ అనే నాలుగేళ్ల కోర్సు ఉంది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యకు పేరున్న చోటు.)

చివరగా మీ గొంతు. దాన్ని వంశం మీద వేయకండి. నలభై మంది పిల్లల గోల మీదుగా రోజుకు అయిదారు పీరియడ్లు మీరు చేస్తున్నదీ, డ్రమ్స్ మీదుగా అమ్మాయి చేస్తున్నదీ ఒకటే పని. నడుముకు తగిలించుకునే చిన్న మైకు కొనుక్కోండి. ఆసుపత్రికి వెళ్లిన రోజు ఓపీ చీటీ మీ పేరున కూడా ఒకటి రాయించండి.