కొన్న టెంప్లేట్లను తోటి వ్యాపారులకు పంచవచ్చా?

ప్రశ్న: మాకు కడియపులంకలో ఎకరంన్నర నర్సరీ ఉంది. మావారు పోయాక నేనే చూసుకుంటున్నాను. మొక్కల కేటలాగు, కుండీలకు కట్టే పేర్ల ట్యాగులు, కొటేషన్, వాట్సాప్ స్టేటస్ పోస్టర్లు కలిసి ఉన్న టెంప్లేట్లను, అంటే మన వివరాలు నింపుకుని వాడుకునే నమూనా ఫైళ్లను, విజయవాడలోని ఒక డిజైనర్ దగ్గర ఆన్‌లైన్‌లో 1,500 రూపాయలకు కొన్నాను. డిసెంబరు తుపానుకు మొక్కలు కుళ్లి అందరం నష్టపోయి ఉన్నామని, 2024 సంక్రాంతికి ముందు ఆ ఫైళ్ల లింకును మా నర్సరీల గ్రూపులో పెట్టాను. నాతో కలిపి గ్రూపులో 42 మందిమి ఉన్నాం. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. ఇప్పుడు ఆ డిజైనర్ 5 లక్షలు చెల్లించాలని, లేదంటే కోర్టుకూ పోలీసులకూ వెళ్తానని 30 రోజుల గడువుతో వకీలు నోటీసు పంపించారు. మేము తల్లిమొక్క కొని అంట్లు కట్టి అమ్ముకుంటే ఎవరూ అడగరు. డబ్బు పెట్టి కొన్న వస్తువు నాది కాదా? రెండేళ్లు దాటింది కాబట్టి కాలదోషం పట్టలేదా? అన్నీ డిలీట్ చేసి, ‘నెట్‌లో దొరికాయి’ అని జవాబు ఇవ్వమని గ్రూపు అడ్మిన్ అంటున్నారు. వకీలును పెట్టుకునే స్తోమత నాకు లేదు. కాగితాలన్నీ జతపరిచాను.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ మంచి మనసుకు రుజువుగా గ్రూపు మెసేజ్ ఫొటోను నాకు పంపించారు. ఈ వ్యవహారంలో మీకు అన్నిటికంటే ఎక్కువ హాని చేసే కాగితం అదే. ‘నేను 1,500 పెట్టి కొన్నాను, మీరెవరూ మళ్లీ డబ్బులు తగలెయ్యకండి, ఈ లింకులోంచి తీసుకోండి’ అని మీరు రాశారు. ఈ ఒక్క వాక్యంలో, ఆ టెంప్లేట్లను వేరొకరు తయారుచేసి వెల కట్టి అమ్ముతున్నారని మీకు తెలుసనీ, తక్కినవారు కొనకుండా ఉండాలనే మీరు పంచారనీ మీ రాతతోనే ఒప్పుకున్నట్టయింది. డిజైనర్ తరఫు వకీలు దావాలో మొట్టమొదట దాఖలు చేసే పత్రం ఇదే అవుతుంది.

రెండో పత్రం మీరు డౌన్‌లోడ్ చేసిన ఫోల్డర్‌లోనే ఉంది. ‘లైసెన్స్’ అనే పేరుతో ఒకే పేజీ ఉన్న ఆ ఫైలును మీరు తెరవలేదని రాశారు. నేను చదివాను. కొన్నవారు తమ ఒక్క వ్యాపారానికి మాత్రమే వాడుకోవాలని, ఇతరులకు అమ్మకూడదని, ఉచితంగా కూడా పంచకూడదని అందులో స్పష్టంగా ఉంది. లోడు లారీ ఎక్కే ముందు మొక్కలను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకునే మీరు, డబ్బు కట్టి తీసుకున్న హక్కు ఎంతవరకో చెప్పే ఒక్క పేజీని చదవకపోవడం క్షమించదగిన అజాగ్రత్త కాదు. చదవలేదన్న మాట కోర్టులో సమాధానం కాబోదు.

మీరు కొన్నది ఆ టెంప్లేట్లను వాడుకునే అనుమతిని మాత్రమే. వాటి మీది హక్కు డిజైనర్ దగ్గరే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఒక కళాకృతికి నకళ్లు తీసే హక్కు, దాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వచేసే హక్కు కూడా, యజమానికే ఉంటుంది. పుస్తకం కొని ఇంకొకరికి ఇస్తే అది మీ దగ్గర ఉండదు. ఫైలు అలా కాదు. మీది మీ దగ్గర ఉండగానే గ్రూపులో 41 నకళ్లు పుట్టడానికి మీరు తలుపు తెరిచారు. తల్లిమొక్క పోలిక కూడా మీకు అక్కరకు రాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం కింద నమోదైన రకమైతే, దాన్ని వ్యాపారానికి పెంచి అమ్మాలంటే అక్కడా హక్కుదారు అనుమతి కావాలి. అంట్ల వ్యాపారంలో ఉన్న మీరు ఈ సంగతి విడిగా తెలుసుకోవడం మంచిది.

ఇక కాలదోషం. 1963 నాటి కాలపరిమితి చట్టం 88వ అధికరణ ప్రకారం కాపీరైట్ ఉల్లంఘనకు పరిహారం కోరే దావాకు గడువు ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి 3 సంవత్సరాలు. 2024 జనవరిలో పంచినదానికి 2027 జనవరి వరకు వ్యవధి ఉంది కాబట్టి రెండేళ్లు గడిచాయన్న ధీమా పనికిరాదు. పైగా మీరు పంపిన లింకును నేను నొక్కి చూస్తే అది ఇప్పటికీ తెరుచుకుంటోంది. ఎవరు ఎప్పుడు కొత్తగా దించుకున్నా అది కొత్త ఉల్లంఘనే అవుతుంది, కొనసాగుతున్న తప్పుకు గడువు కూడా కొత్తగా మొదలవుతూనే ఉంటుందని డిజైనర్ వాదించగలరు. ఈ జవాబు చదివిన వెంటనే ఆ లింకును ఇతరులు తెరవకుండా మూసివేయండి. మూయకముందు ఒక స్క్రీన్‌షాట్, మూసిన తర్వాత ఒక స్క్రీన్‌షాట్ తేదీ, సమయం కనబడేలా తీసి పెట్టుకోండి.

లింకు మూయడం వేరు, సాక్ష్యాన్ని చెరిపివేయడం వేరు. అడ్మిన్ ఇచ్చిన సలహాను ఎట్టి పరిస్థితిలోనూ పాటించవద్దు. మీ ఫోనులో మెసేజ్ చెరిపినంత మాత్రాన అది తక్కిన 41 ఫోన్లలోంచి పోదు. ఆ ఫోన్లలో ఏదో ఒకదాని నుంచే డిజైనర్‌కు ఆ ఫొటో చేరి ఉంటుంది, ఎందుకంటే నోటీసులో మీ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా ఉటంకించారు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుకు కోరే ధ్రువపత్రాన్ని జతచేసి ఆమె దాన్ని సాక్ష్యంగా దాఖలు చేస్తే, ‘నెట్‌లో దొరికాయి’ అన్న మీ జవాబు అబద్ధమని మొదటి వాయిదాలోనే తేలిపోతుంది. కోర్టు ముందుకు రాకుండా చేయాలని ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత కింద విడిగా ఒక నేరం. ఇప్పటివరకు మీ మీద ఉన్నది పొరపాటు. ఆ సలహా పాటిస్తే అది మోసమవుతుంది, అప్పుడు మీ తరఫున మాట్లాడడానికి ఏ వకీలుకూ నోరు ఉండదు. రంగులు, శీర్షికలు మార్చి సొంతవని చెప్పుకోవచ్చని ఎవరైనా అంటే, అదీ ఇలాంటి సలహానే.

పోలీసుల ప్రస్తావన ఉత్త బెదిరింపు అని కూడా అనుకోవద్దు. తెలిసి చేసిన ఉల్లంఘనకు కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ 6 నెలల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. ఇది వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా రాని నేరమని 2022 మే నెలలో నిట్ ప్రో అనే సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు అనుకూలమైన అంశం కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. వ్యాపారంలో లాభం కోసం చేయని ఉల్లంఘన అయితే, కారణాలు రాసి కోర్టు ఆ కనీస శిక్షను తగ్గించవచ్చు. మీరు రూపాయి తీసుకోలేదన్న మాటకు విలువ ఉండేది ఇక్కడే. దాన్ని చూపడానికి ఆ నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ వివరాలు తీసి ఉంచండి.

5 లక్షల అంకె చూసి మాత్రం బెదరనవసరం లేదు. నోటీసులో రాసినంత మాత్రాన అది నష్టమైపోదు, ఆమె రుజువు చేయాలి. 41 మందీ కొని ఉండేవారనుకున్నా 1,500 చొప్పున 61,500 రూపాయలు. అందులో ఎందరు నిజంగా కొనేవారు, ఎందరు ఆ ఫైళ్లను తెరవనే లేదు అన్నది మీ వాదన. బేరం ఆ లెక్క దగ్గర మొదలవ్వాలి. ఆ ఫైళ్లలో ఆమె సొంతంగా గీసినవి ఏవి, వేరే చోట నుంచి తెచ్చినవి ఏవి అని మీ జవాబు నోటీసులో అడిగించండి. రిజిస్ట్రేషన్ లేకపోయినా కాపీరైట్ ఉంటుంది కాబట్టి, ‘రిజిస్ట్రేషన్ చూపించు’ అన్న వాదనతో కాలం వృథా చేయవద్దు.

విజయవాడ నుంచి కడియం దాకా వచ్చి ఎవరు కేసు వేస్తారని కూర్చోవద్దు. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఆమె తాను నివసించే చోటనే దావా వేయవచ్చు, అప్పుడు వాయిదాలకు తిరగవలసింది మీరు. లింకు మూసివేశానని, ఇకపై పంచనని జవాబు నోటీసులో హామీ ఇస్తే, అత్యవసరంగా నిషేధ ఉత్తర్వు కోరే కారణం ఆమెకు బలహీనపడుతుంది. 3 లక్షలు, ఆ పైన విలువ గల వాణిజ్య వివాదంలో అలాంటి అత్యవసరం లేకపోతే, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. మీకు కావలసింది ఆ గదిలో కూర్చునే అవకాశమే.

అక్కడ గ్రూపు తరఫున ఒక ఉమ్మడి లైసెన్సు కొంటామని ప్రతిపాదించండి. తలా కొంత వేసుకుంటే అందరికీ ఆ టెంప్లేట్లు సక్రమంగా దక్కుతాయి, గతం మీద ఆమె ఫిర్యాదూ తీరుతుంది. ఒప్పందం కాగితం మీదే ఉండాలి, ఏ నర్సరీలు, ఎంత కాలం, ఏయే పనులకు అన్నది అందులో రాసుకోవాలి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 సంవత్సరాలుగానే లెక్కిస్తుంది. సివిల్, క్రిమినల్ చర్యలు రెండూ తీసుకోనని ఆమె రాసి ఇచ్చాకే డబ్బు చెల్లించండి. పోలీసు కేసు నమోదైన తర్వాత రాజీపడితే, దాన్ని కొట్టివేయించుకోవడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తుంది. ఈలోగా ఆమెకు సొంతంగా క్షమాపణ మెసేజ్‌లు పంపవద్దు. ఇప్పటికే ఒక మెసేజ్ చేసిన చేటు చాలు.

స్తోమత లేదన్నారు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. రాజమహేంద్రవరం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. నోటీసు వచ్చిన కవరును పారేయకండి, నోటీసు ఎప్పుడు వచ్చిందో దాని మీది తపాలా ముద్ర తేదీ చెబుతుంది. ఆ కవరు, లైసెన్స్ ఫైలు ప్రింటు, కొన్నప్పటి రశీదు, మీ ఫోను, నాలుగూ వెంట తీసుకువెళ్లండి. ఫోనును ఫార్మాట్ చేయించవద్దు, మార్చవద్దు. జవాబు నోటీసు గడువుకు కనీసం వారం ముందే రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో వెళ్లేలా చూసుకుని, అది అందినట్టు వచ్చే రుజువును భద్రపరచండి.