వార్డులో ఉన్న అబ్బాయి గురించి ఎవరిని, ఏమని అడగాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయికి 24 ఏళ్లు. నిద్ర మానేసి, ఎవరో తిడుతున్నారని కేకలు వేస్తుంటే బరంపురంలో ఓ ఆసుపత్రి మానసిక వార్డులో చేర్చాం. వారమైంది. డాక్టర్‌గారు రౌండ్స్‌లో రెండు నిమిషాలు కూడా నిలబడరు. సిస్టర్ ఒకటి చెబితే అటెండెంట్ ఇంకోటి చెబుతాడు. మాకు ఒడియా వచ్చుగానీ వైద్యం మాటలు అర్థం కావు. ‘మా ఇంట్లోవాళ్లకు ఏమీ చెప్పొద్దు’ అని వాడే అన్నాడట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి

సలహా: అమ్మా, అబ్బాయి అన్న మాటకు మనసు కష్టపెట్టుకోకండి. జబ్బు ముదిరినప్పుడు ఇంటివాళ్ల మీదే అనుమానం రావడం మామూలే. అతను వద్దన్నవి సిబ్బంది మీకు చెప్పకపోవచ్చు. మీరు చెప్పేది వినడానికి మాత్రం వాళ్లకు ఏ అడ్డూ లేదు. మొదటి వారంలో వార్డుకు బాగా కావాల్సింది అదే.

అందుకే ఒక కాగితం రాసివ్వండి. నిద్ర ఎప్పుడు తప్పింది, గంజాయి, మద్యం అలవాటుందా, మూర్ఛ, థైరాయిడ్ ఉన్నాయా, ఇదివరకు ఏ మాత్రకైనా చేతులు బిగుసుకుపోయాయా, అన్నీ రాయండి. చచ్చిపోతానని ఒక్కసారి అన్నా సరే, అదే మొదట రాయండి. నాటుమందు పొడి వాడి ఉంటే దాచకండి. తిడతారేమోనని చాలా ఇళ్లలో దాచేస్తారు, అందులో ఏముందో తెలియక మేమిచ్చే మందు ప్రమాదం కావచ్చు. ఇంట్లో మిగిలిన మాత్రల అట్టలు కూడా పట్టుకెళ్లండి. కాగితం మీద తేదీ వేసి, కేస్ షీట్‌లో పెట్టమని ఇన్‌ఛార్జి సిస్టర్‌కు ఇవ్వండి.

ఇక భాష. మీ వైపు పిల్లలు బజార్లో ఒడియా గడగడా మాట్లాడేస్తారు. వార్డులోనూ అలాగే పలకరిస్తే ‘బాగానే ఉన్నా’ అని ఊరుకుంటారు. చెవిలో గొంతు ఏమంటోందో, ఎందుకు భయమేస్తోందో అమ్మతో మాట్లాడే భాషలోనే బయటికొస్తుంది. తెలుగు వచ్చిన సిస్టర్‌నో జూనియర్ డాక్టర్‌నో అడగండి, పక్క మంచం పేషెంటును మధ్యలో పెట్టకండి. జబ్బేమిటో, వైద్యమేమిటో, మందుల దుష్ప్రభావాలేమిటో పేషెంటుకు అర్థమయ్యే భాషలో చెప్పాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. అతని నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కూ, అంటే వైద్యం విషయంలో అతని తరఫున నిలబడేందుకు పేరు రాసిన మనిషికీ, తెలుసుకునే హక్కుంది. రికార్డులో ఎవరి పేరు రాశారో రేపే కనుక్కోండి.

ఇంటి నుంచి నలుగురు నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. ఒక్కరే అడగండి. రౌండ్స్‌లో ఆపకుండా, ‘మధ్యాహ్నం పది నిమిషాలు ఇస్తారా సార్’ అని టైమ్ తీసుకోండి. ఎప్పుడు నయమవుతుందో ఇప్పుడే ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, మాత్ర మింగుతున్నాడా, ఏ మందు మార్చారు, ఎందుకు మార్చారు అంటే సూటిగా జవాబు వస్తుంది.

కొట్టారనో కట్టేశారనో అబ్బాయి చెబితే జబ్బు మాటలని కొట్టిపారేయకండి. రాతపూర్వకంగా సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. అక్కడ కదలిక లేకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు.

డిశ్చార్జికి రెండు రోజుల ముందే మందుల పేర్లు, తర్వాతి చెకప్ తేదీ, మీ ఊళ్లో ఆ మందులు ఎక్కడ దొరుకుతాయో అడిగి రాసుకోండి. లిథియం రాస్తే, వాంతులు విరేచనాలైనప్పుడు ఏం చేయాలో తప్పకుండా అడగండి. ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇంటికొచ్చాక ఏ రాత్రయినా దిక్కుతోచకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ నిద్ర గురించి కూడా వాళ్లకు చెప్పండి.