ఫోటోగ్రఫీ, సినిమా-టీవీ కలిపి చదవాలనుకునేవాళ్లకు

డిగ్రీలో ఫోటోగ్రఫీతో పాటు ఫిల్మ్ అండ్ టెలివిజన్ కూడా తీసుకోవచ్చా, ఒకదానివల్ల రెండోది దెబ్బతింటుందా, చేరేముందే కెమెరా కొనాలా అని అడిగారు.

తీసుకోవచ్చు. కాకపోతే "రెండూ కెమెరా పనే కదా, ఒకటొస్తే రెండోది దానంతట అదే వస్తుంది" అనుకుని మాత్రం చేరకండి. ఫోటోలో చెప్పాల్సిందంతా ఒక్క ఫ్రేములోనే చెప్పాలి. సినిమాలో ఏ షాటూ అంతా చెప్పేయకూడదు, తర్వాతి షాటుకి కొంత మిగల్చాలి. ఈ రెండు అలవాట్లూ ఒకే మనిషికి రావడమే ఈ కోర్సులో కష్టం. వస్తే దక్కే లాభం కూడా అంతే పెద్దది.

మొదట లెన్సుల దగ్గర వచ్చే గందరగోళం. ఆస్కార్ బార్నాక్ అనే జర్మన్ ఇంజినీరు 35 మి.మీ. సినిమా ఫిల్మునే తీసుకుని చిన్న స్టిల్ కెమెరా తయారుచేశాడు. అది 1925లో లైకా పేరుతో మార్కెట్లోకి వచ్చింది. సినిమా కెమెరాలో ఆ ఫిల్ము నిలువుగా నడుస్తుంది, ఫ్రేముకి అంచున ఉండే 4 కన్నాల చొప్పున. స్టిల్ కెమెరాలో అడ్డంగా నడుస్తుంది, ఫ్రేముకి 8 కన్నాలు. అందుకే స్టిల్ ఫ్రేము 24×36 మి.మీ. అయింది. ఇప్పుడు ఫుల్ ఫ్రేమ్ అంటున్నది దాన్నే. సినిమావాళ్ల ఫ్రేము సైజు సూపర్ 35, ఇందులో సగానికి దగ్గర. కాబట్టి సినిమా క్లాసులో "50 లెన్స్ పెట్టు" అంటే, మీకు ఫుల్ ఫ్రేమ్ మీద 70-75 మి.మీ. లెన్సులో కనిపించేంత మేరే కనిపిస్తుంది. ఏ క్లాసులో ఏ సెన్సర్ గురించి మాట్లాడుతున్నారో మొదటి వారమే అడిగి తెలుసుకోండి.

ఇక ఎక్స్‌పోజర్. ఫోటోలో షట్టర్ (వెలుగు పడే సమయం), అపెర్చర్ (లెన్సు రంధ్రం సైజు), ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే స్థాయి) మూడూ మీ చేతిలో ఉంటాయి. వీడియోలో షట్టర్ దాదాపు కట్టేసినట్టే. సెకనుకి 25 ఫ్రేములైతే 1/50, 24 ఫ్రేములైతే 1/48 లేదా దానికి దగ్గరగా 1/50. ఫోటోగ్రఫీ నుంచి వచ్చినవాళ్లు ఎండలో షూట్ చేసేటప్పుడు వెలుగు ఎక్కువైందని అలవాటుగా షట్టర్‌ని 1/2000కి పెంచేస్తారు. కెమెరా తెర మీద బాగానే కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో చూస్తే నడిచే మనిషి కాళ్లు, ఊపే చేతులు టకటకా తెగినట్టు కదులుతాయి. ప్రతి ఫ్రేములోనూ సహజంగా ఉండాల్సిన కొద్దిపాటి మసక పోయింది కాబట్టి అలా అవుతుంది. తర్వాత దాన్ని శుభ్రంగా సరిచేయడం సాధ్యం కాదు.

అక్కడ కావాల్సింది లెన్సు ముందు పెట్టి వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్. ఎంత కావాలో ఇంట్లో కూర్చునే లెక్కేసుకోవచ్చు. నడినెత్తి ఎండలో ఐఎస్ఓ 100, షట్టర్ 1/100 అయితే అపెర్చర్ ఎఫ్/16. షట్టర్ 1/50 చేస్తే ఎఫ్/22. మీకు వెనక దృశ్యం మసకగా ఉండాలి, ఎఫ్/2.8 కావాలి. 22 నుంచి 16, 11, 8, 5.6, 4, 2.8 అని లెక్కపెడితే 6 స్టాపులు (1 స్టాపు అంటే వెలుగు సగం కావడం లేదా రెట్టింపు కావడం). ఎన్‌డీ 0.3 అంటే 1 స్టాపు కాబట్టి 6 స్టాపులకి 1.8 కావాలి. దాన్నే ఎన్‌డీ64 అని కూడా అమ్ముతారు. మీ కెమెరాలో లాగ్ మోడ్ (రంగు తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుగా చప్పగా రికార్డయ్యే పద్ధతి) ఐఎస్ఓ 800 దగ్గర మొదలైతే ఇంకో 3 స్టాపులు కలపాలి. తిప్పితే చీకటి పెరిగే వేరియబుల్ ఎన్‌డీ సులువే కానీ, వైడ్ లెన్సు మీద చివరిదాకా తిప్పితే ఫ్రేము మీద ఎక్స్ ఆకారంలో నల్లటి చారలు పడతాయి. దాని గుర్తులు దాటి తిప్పకండి.

ఇండోర్‌లో ఇంకో చిక్కు, ఫ్లికర్. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. అక్కడ 1/50, 1/100 సురక్షితం. 60 హెర్ట్జ్ అయితే 1/60, 1/120. సగం డిమ్ చేసిన నాసిరకం ఎల్‌ఈడీ లైట్లు ఏ లెక్కకీ లొంగవు. 10 సెకన్లు తీసి పెద్ద తెర మీద చూసుకున్నాకే అసలు షాట్ మొదలుపెట్టండి. వైట్ బ్యాలెన్స్ (లైటు రంగుకి తగ్గట్టు తెలుపు తెలుపుగా కనిపించేలా చేసే సెట్టింగ్) కూడా ఆటోలో వదలొద్దు. రా ఫోటోలో (సెన్సర్ పట్టినదంతా మార్చకుండా దాచే ఫైలు) తర్వాత మార్చుకోవచ్చు, మామూలు 8 బిట్ వీడియోలో రంగు అచ్చుపడిపోతుంది. షాట్ మధ్యలో కెమెరా దానంతటదే 5600 కెల్విన్ నుంచి 4300కి జారితే ముఖం రంగు మారడం ఎవరికైనా తెలిసిపోతుంది.

అసలు కష్టం ఫ్రేములోనే ఉంది. ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికొచ్చి కుర్చీలో కూర్చోవాలి, అంతే సీను. ఫోటోగ్రఫీ బాగా వచ్చిన విద్యార్థి కిటికీ వెలుగు చూసుకుని, తలుపు ఒక మూల, కుర్చీ ఒక మూల పెట్టి చక్కటి వైడ్ షాట్ తీస్తారు. బొమ్మగా చూస్తే వంక పెట్టలేం. ఎడిటింగ్ టేబుల్ మీద మాత్రం ఆ సీను కదలదు. ఆ మనిషి నడిచే 6 సెకన్లు అలా చూస్తూ ఉండాల్సిందే, కత్తిరించడానికి దారి లేదు. ఆ సీను కట్ అవ్వాలంటే వైడ్‌లో మొత్తం చర్య ఒకసారి తీయాలి. తర్వాత నడుం పైనుంచి మిడ్ షాట్‌లో మళ్లీ మొత్తం తీయాలి. ఆ తర్వాత గడియ మీద చెయ్యి, కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్లు విడిగా. ప్రతి షాటులోనూ చర్యకి ముందు 5 సెకన్లు, అయ్యాక 5 సెకన్లు కెమెరా నడవనివ్వాలి. ఒక షాటు నుంచి ఇంకో షాటుకి కోణం కనీసం 30 డిగ్రీలు మారాలి, సైజు కూడా మారాలి. లేకపోతే కట్ కాకుండా బొమ్మ ఎగిరిపడినట్టు కనిపిస్తుంది. మనిషికీ కుర్చీకీ మధ్య ఊహలో ఒక గీత గీసుకుని కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఒకే వైపు ఉండాలి. దాటితే ఎడమ నుంచి కుడికి నడిచే మనిషి ఉన్నట్టుండి వెనక్కి వెళ్తున్నట్టు అనిపిస్తాడు.

సినిమా వైపు నుంచి ఫోటోగ్రఫీకి వచ్చినవాళ్లది దీనికి తలకిందుల సమస్య. వాళ్ల ఫోటో పక్కన ఇంకో ఫోటో ఉంటేనే అర్థమవుతుంది. ఒకే విషయాన్ని 200 ఫ్రేములు తీసి, ఏది ఎంచుకోవాలో తెలియక అన్నీ అలాగే ఉంచేస్తారు. దీనికి ఒక్కటే మందు, నిజంగానే పనిచేస్తుంది. 36 ఫ్రేముల రోలు ఒక్కటి పట్టుకెళ్లి, కాంటాక్ట్ షీట్ (ఫ్రేములన్నీ చిన్నగా ఒకే కాగితం మీద) వేసి, కింద వివరణేమీ రాయకుండా నిలబడే ఫోటో ఒక్కటి మాత్రం ఎంచుకోండి. నెలకి రెండుసార్లు చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

డార్క్‌రూమ్ మాడ్యూల్ (చీకటి గదిలో ఫిల్ము కడిగే క్లాసు) ఉంటే వదులుకోవద్దు. సినిమాకి ఇదెందుకు అని చాలామంది తీసేస్తారు, అది పొరపాటు. వెలుగుని ముందే ఊహించడం అంత గట్టిగా నేర్పే క్లాసు ఇంకొకటి లేదు. మొదటి రోలుకి ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ నలుపు-తెలుపు ఫిల్ము, బొమ్మ తేల్చే ద్రావణం ఐడీ-11 డెవలపర్ సరిపోతాయి. డెవలపర్ ఒక వంతు, నీళ్లు ఒక వంతు, 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. మొదటి 10 సెకన్లలో ట్యాంకుని 4 సార్లు తలకిందులు చేసి, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ 4 సార్లు. ఒకసారి అడుగు తట్టండి, ఫిల్ముకి అంటిన గాలి బుడగలు ఊడిపోతాయి. ఫిల్ము చుట్టే రీలు ఏమాత్రం తడిగా ఉన్నా ఫిల్ము మధ్యలో ఇరుక్కుంటుంది. బలంగా తోస్తే మడతపడి నెగటివ్ మీద అర్ధచంద్రాకారపు మచ్చలు వస్తాయి. ఫిల్ము పాలలా తెల్లగా కనిపిస్తే ఫిక్సర్ (బొమ్మని స్థిరపరిచే ద్రావణం) చాలలేదని అర్థం. కంగారొద్దు, వెలుతురులోనైనా మళ్లీ ఫిక్సర్‌లో వేయొచ్చు.

లైటింగ్‌లో ఫ్లాష్ మీదే ఆధారపడి నేర్చుకున్నవాళ్లు సినిమా లైట్ల దగ్గర తడబడతారు, ఎందుకంటే అక్కడ మనిషి కదులుతాడు. లైటు 1 మీటరు దూరంలో ఉండగా మనిషి 2 మీటర్లకి జరిగితే వెలుగు నాలుగో వంతుకి, అంటే 2 స్టాపులు పడిపోతుంది. అదే లైటుని 3 మీటర్ల దూరంలో పెడితే, మనిషి 4 మీటర్లకి వెళ్లినా 1 స్టాపు లోపే తగ్గుతుంది. నటుడు నడిచే సీనుకి లైటు దూరంగా, శక్తి ఎక్కువగా ఉండాలనేది అందుకే.

సౌండ్ విషయంలో ఫోటోగ్రఫీ వాళ్లు దాదాపు అందరూ దెబ్బతింటారు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకోండి, మాట గట్టిగా వచ్చినచోట మీటరు మైనస్ 12 డీబీ దగ్గర ఉండాలి, మైకు నోటికి వీలైనంత దగ్గర. ప్రతి గదిలోనూ అందరూ కదలకుండా నిలబడి 30 సెకన్ల ఖాళీ శబ్దం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు కప్పడానికి అదే దిక్కు.

టైమ్ సంగతి. ఫోటోగ్రఫీ ప్రాజెక్టు మీ ఒక్కరిదే, రాత్రి పదికైనా వెళ్లి తీసుకోవచ్చు. సినిమా ప్రాజెక్టు అయిదారుగురిది, ఒక్కరు రాకపోయినా ఆగుతుంది. అందుకే టర్ము మొదట్లోనే సినిమా షూటింగ్ తేదీలు, పరికరాల బుకింగ్ ముందు ఖాయం చేసుకుని, మిగిలిన ఖాళీల్లో ఫోటో సిరీస్ పెట్టుకోండి. తిరగేసి చేసినవాళ్లకి రెండు సబ్మిషన్లూ ఒకే వారంలో మీద పడతాయి.

కెమెరా మొదటి టర్ములో కొనొద్దు. డిపార్ట్‌మెంట్ ఏమిస్తుందో చూడండి. ముందు కొనాల్సినవి హెడ్‌ఫోన్లు, ఫ్లూయిడ్ హెడ్ (కెమెరాని కుదుపు లేకుండా తిప్పే తల) ఉన్న ట్రైపాడ్, రెండు హార్డ్ డిస్కులు. ఫోటోలకి వాడే బాల్ హెడ్‌తో కెమెరాని సమంగా పక్కకి తిప్పడం కుదరదు. డిస్కులు రెండెందుకంటే, సెకనుకి 100 మెగాబిట్ల వీడియో గంటకి 45 జీబీ తింటుంది. రెండు కెమెరాలు 3 గంటలు నడిస్తే 270 జీబీ. రెండు కాపీలు తెరిచి చూసుకునేదాకా కార్డు ఫార్మాట్ చేయకండి. కార్డు కొనేటప్పుడు మెగాబిట్‌కీ మెగాబైట్‌కీ తేడా గుర్తుంచుకోండి. వీ30 కార్డు సెకనుకి కనీసం 30 మెగాబైట్లు రాస్తుంది. 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లే కాబట్టి అది చాలు. 400 మెగాబిట్లలో తీయాలంటే 50 మెగాబైట్లు కావాలి, అప్పుడు వీ60 తీసుకోండి.

పోర్ట్‌ఫోలియోలు మాత్రం వేరువేరుగా ఉంచండి. ఫోటోలు 12 నుంచి 15, షోరీల్ (మీ సినిమా పనుల క్లిప్పుల కూర్పు) నిమిషంన్నర లోపు, అందులో ప్రతి క్లిప్పుకీ మీరు చేసిన పని ఏమిటో రాయండి. సినిమాలోంచి తీసిన ఫ్రేముని ఫోటోగా పెట్టే ప్రలోభం అందరికీ వస్తుంది, పెట్టకండి. 4కే ఫ్రేము 3840×2160, అంటే సుమారు 8.3 మెగాపిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 12.8×7.2 అంగుళాల ప్రింటుకే సరిపోతుంది. పైగా 1/50 షట్టర్‌లో కదిలిన చెయ్యి గోడ మీద వేలాడదీసినప్పుడు మసకగా కనిపిస్తుంది. ఆ సీను స్టిల్ కావాలంటే టేక్ అయ్యాక లైట్లు ఆర్పకముందే నటుల్ని ఓ రెండు నిమిషాలు ఆపి, స్టిల్ కెమెరాతో విడిగా తీసుకోండి.