ఇంటెల్ లాప్‌టాప్‌కి ఏఎండీ ఫైలా?

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ప్రాసెసర్. విండోస్ బదులు వాడే ఉబుంటు లైనక్స్ దించుకుందామంటే ఫైలు పేరు చివర ఏఎండీ64 అని ఉంది. వేరే సాఫ్ట్‌వేర్‌కేమో ఎక్స్86_64, ఏఆర్చ్64 అని రెండు ఫైళ్లున్నాయి. తప్పుది ఎక్కిస్తే లాప్‌టాప్ పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోవాలి?

జవాబు: ఏఎండీ64 నిశ్చింతగా దించుకోండి, అది మీ ఇంటెల్‌కీ సరిపోయేదే. పాత 32 బిట్ల చిప్పుల పద్ధతిని 64 బిట్లకు పెంచింది ఏఎండీ. 2003లో ఆప్టెరాన్ చిప్‌తో మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడాది ఇంటెల్ కూడా అదే పద్ధతిలోకి వచ్చింది. డెబియన్ అనే లైనక్స్, దాని మీద కట్టిన ఉబుంటు మొదట చేసినవారి పేరే ఉంచుకున్నాయి. ఫెడోరా అనే మరో లైనక్స్ వాళ్లు దాన్నే ఎక్స్86_64 అంటారు, విండోస్ వాళ్లు ఎక్స్64 అంటారు. కాబట్టి మీ రెండో సాఫ్ట్‌వేర్‌కి ఎక్స్86_64 తీసుకోండి.

మీ భయం నాకు తెలుసు. లైనక్స్ కొత్తగా నేర్చుకునే రోజుల్లో నేనూ 'ఇంటెల్ కదా' అనుకుని ఐఏ64 అని రాసి ఉన్న డెబియన్ సీడీ దించాను. రాత్రంతా డౌన్‌లోడ్ అయింది. తెల్లారి సీడీ పెడితే కంప్యూటర్ దాన్ని గుర్తించనే లేదు. డ్రైవ్ పోయిందనుకుని కేబుల్ పీకి మళ్లీ పెట్టాను. తప్పు డ్రైవ్‌ది కాదు. ఐఏ64 అంటే ఇంటెల్ సర్వర్ల కోసం చేసిన ఐటానియం, దాని భాషే వేరు. కొత్తవాళ్లు చదివే పేజీలో ఈ పేర్ల పక్కన ఒక్క వాక్యం వివరణ లేకపోవడం అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఏఆర్చ్64, ఆర్మ్64 రెండూ ఒకటే. అవి ఫోన్లలో ఎక్కువగా ఉండే ఆర్మ్ చిప్పులకు, మీకు అక్కర్లేదు. ఐ386 అంటే 32 బిట్లది. ఆ పేరు 1985 నాటి చిప్‌ది, కానీ ఇవాళ్టి డెబియన్‌లో ఆ పేరుతో వచ్చే ప్యాకేజీలు (ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఫైళ్లు) ఆ చిప్ మీద నడవవు! ఆల్ అనో నోఆర్చ్ అనో ఉంటే ఏ ప్రాసెసర్‌కైనా పనికొస్తుంది.

ఉబుంటు ఎక్కించాక టెర్మినల్‌లో 'యూనేమ్ -ఎమ్' కొడితే ఎక్స్86_64 అనీ, 'డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్' కొడితే ఏఎండీ64 అనీ వస్తుంది. కంగారు పడకండి. మొదటిది కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) చెప్పే పేరు, రెండోది ప్యాకేజీలకు పెట్టుకున్న పేరు. పొరపాటున ఆర్మ్64 డెబ్ ఫైలు (డెబియన్, ఉబుంటుల ప్యాకేజీ) ఎక్కించబోయినా, ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) సరిపోలేదని చెప్పి ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ అక్కడే ఆపేస్తుంది. లాప్‌టాప్‌కి ఏమీ కాదు.